వ్యోమగామి బట్టలు: ఏ గుడ్డ, ఏ సూట్, ఎన్ని రోజులకు? చెమట లెక్కన ఒక పోలిక

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఏ ఊళ్లో వైజ్ఞానిక ప్రదర్శన పెట్టినా అంతరిక్షం మీద ఒక స్టాల్ ఉంటుంది. అందులో థర్మాకోల్ హెల్మెట్ పెట్టిన తెల్ల సూట్ ఒకటి నిలబెడతారు. బొమ్మ బాగానే ఉంటుంది గానీ, ఆరు నెలలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉండే మనిషి ఆ తెల్ల సూట్ తొడుక్కునేది మామూలుగా కొన్నిసార్లే, తొడిగిన ప్రతిసారీ ఆరేడు గంటలు. కొందరికి దాని అవసరమే పడదు. 2025 జూన్ 25న బయల్దేరి జూలై 15న తిరిగొచ్చిన శుభాంశు శుక్లా ఆ యాత్రలో కేంద్రం బయటికి వెళ్లనే లేదు. మిగతా కాలమంతా ఒంటి మీద ఉండేవి టీషర్టు, నిక్కరో ప్యాంటో, మేజోళ్లు. అందుకే ఈ పోలిక మామూలు బట్టలతో మొదలవుతుంది. సూట్ల సంగతి తర్వాత.

బట్ట ఎంచుకునేటప్పుడు మనం ముందు చూసేది గట్టిదనం. అక్కడ దానికి పెద్ద విలువ లేదు. ముళ్లకంపకు తగులుకోదు, బండ మీద బాదరు, ఎండకు వెలవదు. చూడాల్సింది చెమట. ఈ గుడ్డలోకి ఎక్కిన తడి ఎంతసేపు నిలుస్తుంది, ఎటు పోతుంది, పోయాక వెనక ఏం మిగులుతుంది? టీషర్టు నుంచి బయట నడిచే సూట్ దాకా ఏది ఎంచుకోవాలన్నా ఈ ప్రశ్న ముందు వేసుకోవాలి.

చెమట పోయే దారి

కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. బరువు లేని చోట ఎముకలు, కండరాలు కరిగిపోకుండా ఉండాలని అక్కడివాళ్లు రోజుకు దాదాపు రెండు గంటలు వ్యాయామానికి కేటాయిస్తారు. ఆ చెమట గుడ్డలోంచి గాలిలోకి పోతుంది. గాలిలోని తేమ చల్లటి పలకల మీద నీరుగా మారుతుంది, ఆ నీరు శుద్ధి యంత్రంలోకి పోయి మళ్లీ తాగేనీరు అవుతుంది. మూత్రం కూడా కలుపుకుని 2023లో నాసా 98 శాతం నీటిని ఇలా తిరిగి పట్టగలిగింది. తాగడానికి, తిండికి, ఒళ్లు తుడుచుకోవడానికి కలిపి ఒక మనిషికి రోజుకు వచ్చేది సుమారు 3.8 లీటర్లు. తడిసిన టీషర్టును సంచిలో కుక్కి మూతి బిగిస్తే, వాసన మాట అటుంచి, తాగేనీళ్లు పారబోసినట్టే. నీళ్ల ట్యాంకర్ కోసం కాచుకున్న అనంతపురం వాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఆరేయడంలోనూ ఒక చిక్కుంది. మన ఇంట్లో దండెం మీద గుడ్డ ఆరడానికి గాలి తనంతట తానే కొంత కదులుతుంది. వేడిది పైకి, చల్లది కిందికి. బరువు లేని చోట ఆ కదలిక ఉండదు. తడి గాలి గుడ్డ చుట్టూ పొరలా అలాగే నిలిచిపోతుంది. కాబట్టి చెమట బట్టల్ని ఫ్యాన్ గాలి వెళ్లే దారిలో, చేతులతో పట్టుకునే కడ్డీలకు క్లిప్పులు పెట్టి తగిలిస్తారు. తువ్వాళ్లకూ అదే పద్ధతి.

నీరు ఎగిరిపోయాక గుడ్డలో మిగిలేవి ఉప్పు, చర్మపు నూనె, రాలిన పొట్టు. అక్కడ దుమ్ము, మట్టి లేవు కాబట్టి బట్ట మురికి పట్టేది వీటితోనే, అప్పుడప్పుడు చిందిన కూరతో. మేజోళ్లు విప్పితే అరికాళ్ల పొట్టు గదంతా తేలుతుంది. అందుకని గాలి లోపలికి లాగే జాలీ పక్కన నిలబడి విప్పడం మంచి అలవాటు.

నూలు, పాలిస్టర్, ఉన్ని, మోడాక్రిలిక్

నూలు గురించి ఆదోని పత్తి మార్కెట్ ఉన్న సీమవాళ్లకు పరిచయం చేయనవసరం లేదు. మెత్తన, ఒంటికి హాయి, మంట తగిలితే కరిగి అంటుకోదు. మామూలు గాలిలో పొడిగా అనిపిస్తూనే తన బరువులో 8.5 శాతం దాకా తేమ పట్టి ఉంచుకుంటుంది. బాగా తడిస్తే మాత్రం ఒంటికి అతుక్కుని, ఆరడానికి చాలాసేపు తీసుకుంటుంది. రెండో ఇబ్బంది నూగు. ఇంట్లో అది నేల మీద పడుతుంది, ఊడ్చేస్తాం. అక్కడ పడదు, తేలుతూ పోయి ఫిల్టర్ జాలీలకు పడుతుంది. జాలీ మూసుకుపోతే గాలి తగ్గుతుంది, పైన చెప్పిన ఆరే పని కూడా ఆగుతుంది. వ్యాక్యూమ్ క్లీనర్‌తో ఆ జాలీలు తుడవడం అక్కడ క్రమం తప్పని ఇంటిపని. మూడోది మంట. ఒక గుడ్డ కొవ్వొత్తిలా పైనుంచి కిందికి మండుతూ ఉండాలంటే గాలిలో కనీసం ఎంత ఆక్సిజన్ కావాలో కొలిచే సూచిక ఒకటుంది. నూలుకు అది 18 శాతం. కేంద్రంలో గాలి మన గాలిలాంటిదే, 21 శాతం. అంటే నూలు అంటుకుంటే మండుతూనే ఉంటుంది.

పాలిస్టర్ పోగు లోపలికి నీరు దాదాపు వెళ్లదు. పట్టే తేమ 0.4 శాతమే. చెమట పోగుల మధ్య సందుల్లో పాకి త్వరగా ఆరిపోతుంది. బరువు తక్కువ, నూగు తక్కువ. కానీ నీరు పోయినంత సులువుగా నూనె పోదు, పోగును పట్టుకునే ఉంటుంది. రెండు మూడు రోజుల వ్యాయామానికే వాసన పట్టేది అందుకే. ఇంకా పెద్ద లోపం: సుమారు 260 డిగ్రీల దగ్గర కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఆ కాలిన గాయం నూలు మంట గాయం కంటే పాడు.

మెరీనో అనేది సన్నటి ఉన్ని ఇచ్చే ఒక గొర్రె జాతి. ఉన్ని అంటే వెంటనే మనకు గుర్తొచ్చేది గుచ్చుకునే కంబళి. పోగు మందంలో తేడా ఇది. 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన పోగు చర్మానికి తగిలితే వంగదు, గుచ్చుతుంది. దక్కనీ గొర్రె బొచ్చుతో కురుబలు నేసే కంబళిలో అలాంటి పోగులే ఎక్కువ. చలికి, వానకు దానికి సాటి లేదు గానీ బనియన్‌కు పనికిరాదు. మెరీనో పోగు 24 మైక్రాన్ల లోపే, సన్నరకమైతే 17, 18. ఉన్ని తన బరువులో 16 శాతం తేమను పోగు లోపలికే పీల్చుకుంటుంది కాబట్టి చెమట పట్టిన తొలి నిమిషాల్లో పొడిగానే అనిపిస్తుంది. వాసన పట్టడం బాగా తక్కువ. మంట సూచిక 25, అంటే మామూలు గాలిలో అంటించిన మంట తీసేస్తే తనంతట తానే ఆరిపోయే రకం. లోపాలు: ధర ఎక్కువ, పాలిస్టర్ కంటే ఆలస్యంగా ఆరుతుంది, పలచగా అల్లితే చిల్లులు త్వరగా పడతాయి.

మోడాక్రిలిక్ ఒక కృత్రిమ పోగు, మన బట్టల కొట్లలో పేరుతో అడిగితే దొరకదు. విగ్గులు, మంటను తట్టుకునే పని దుస్తులు దీనితో చేస్తారు. మంట సూచిక 28 నుంచి 30. నాసా వ్యాయామపు చొక్కాలకు పాలిస్టర్, మెరీనో, మోడాక్రిలిక్ మూడింటినీ కేంద్రంలోనే తొడిగించి పోల్చి చూసింది.

మా లెక్కలో వ్యాయామానికి మెరీనో ముందు, పాలిస్టర్ తర్వాత. పని వేళ, నిద్ర వేళ చెమట తక్కువ కాబట్టి అక్కడ నూలును తీసేయాల్సిన పని లేదు. నూగు రాలకుండా గట్టిగా నేసిన రకం, ముందే నాలుగైదు సార్లు ఉతికినది పంపితే చాలు. జీన్స్ గురించి, వాటిని కుట్టే రాయదుర్గం వాళ్లు తప్పకుండా అడుగుతారు. మందపాటి డెనిమ్ చదరపు మీటరుకు 400 గ్రాములు దాటుతుంది, టీషర్టు గుడ్డ 160 నుంచి 180. బరువు రెండింతల పైనే, ఆరే సమయం అంతకంటే ఎక్కువ. కేంద్రంలో ఎక్కువగా వాడేది తేలికపాటి ప్యాంటు. దాని తొడల మీద వెల్క్రో పట్టీలు, మూతపడే జేబులు ఉంటాయి. జేబుకు మూత లేకపోతే వంగినప్పుడు పెన్ను పైకి తేలిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ సూచికలన్నీ మామూలు గాలికి చెప్పినవి. చంద్రుడి మీద, అంతకంటే దూరాన వాడే నివాసాలకు నాసా అనుకుంటున్న గాలిలో పీడనం తక్కువ, ఆక్సిజన్ 34 శాతం. బయటికి నడవడానికి సిద్ధమయ్యే సమయం తగ్గించాలని అలా. 34 దగ్గర ఉన్ని, మోడాక్రిలిక్ కూడా మండే వైపుకు వచ్చేస్తాయి. 1967 జనవరి 27న అపోలో 1 క్యాబిన్‌లో స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపి పరీక్ష చేస్తుండగా మంటలు లేచి ముగ్గురు చనిపోయాక, సూట్ల పైపొరకు టెఫ్లాన్ పూసిన గాజు పోగుల గుడ్డ తెచ్చారు. దాని పేరు బీటా క్లాత్. అది కాలదు, కానీ లోపలి చొక్కాగా వేసుకోలేరు, దురద. కాబట్టి రేపటి నివాసాల్లో గుడ్డ ఒక్కటే మంట నుంచి కాపాడుతుందనే భరోసా లేదు. మంటంటూ లేస్తే గాలి ఫ్యాన్లు ఆపడం ముఖ్యం, ఎందుకంటే బరువు లేని చోట మంటకు ఆక్సిజన్ తెచ్చిపెట్టేది చాలావరకు ఆ ఫ్యాను గాలే.

కొలతల్లో మూడు మార్పులు గుర్తుంచుకోవాలి. వెన్నుపూసల మధ్య ఒత్తిడి తగ్గి మనిషి 3 శాతం దాకా పొడుగవుతాడు. 170 సెంటీమీటర్ల మనిషికి అది 5 సెంటీమీటర్లు. ఒంట్లో నీరు పైకి చేరి ముఖం, మెడ ఉబ్బుతాయి, కాళ్లు సన్నబడతాయి. కాలరు వదులుగా, నడుము ఎలాస్టిక్‌గా ఉంటే రెండు వైపులా సర్దుకుంటుంది. మూడోది పాదాలు. ఎక్కడైనా నిలదొక్కుకోవాలంటే కడ్డీ కింద పాదం దూర్చాలి కాబట్టి అరికాలు మెత్తబడి, పాదం పైభాగం కాయకాస్తుంది. మేజోడుకు మెత్త కావాల్సింది పైన, కింద కాదు. బూట్లు వ్యాయామానికి మాత్రమే.

విడిచి పారేయాలా, ఉతకాలా?

కేంద్రంలో వాషింగ్ మెషిన్ లేదు. ఇంట్లో మెషిన్ ఒక వాయికి 50 లీటర్ల అటూ ఇటూ తాగుతుంది. అది అక్కడ ఒక మనిషికి పదమూడు రోజుల నీరు. అందుకని ఇన్నేళ్లూ నడిచింది తొడుగు, విడువు, పారేయి పద్ధతే. పాత కాలపు నాసా లెక్క ప్రకారం పని చొక్కా, ప్యాంటు పది రోజులకు ఒక జత. వ్యాయామపు నిక్కరు, టీషర్టు మూడు రోజుల వ్యాయామానికి ఒక జత. లోదుస్తులు, మేజోళ్లు రెండు రోజులకోసారి. చలికి వేసుకునే మందపాటి మేజోళ్లయితే నెలంతా రావాలి. విడిచినవాటిని ఆరబెట్టి, చెత్తతో పాటు ప్రోగ్రెస్ లేదా సిగ్నస్ సరుకు నౌకలో నింపుతారు. అవి తిరుగుప్రయాణంలో వాతావరణంలోకి దూకి కాలిపోతాయి. స్పేస్‌ఎక్స్ సంస్థ నౌక డ్రాగన్ భూమికి చెక్కుచెదరకుండా వస్తుంది గానీ అందులో చోటు ప్రయోగాల నమూనాలకే సరిపోదు, మాసిన బనియన్లకు ఎవరిస్తారు?

ఈ పద్ధతికి అయ్యే బరువు ఏడాదికి మనిషికి 160 పౌండ్లు, అంటే సుమారు 73 కిలోలు. సరుకు నౌకలు తరచూ వచ్చే కేంద్రానికి అది మోయగల భారమే. నలుగురు మూడేళ్ల అంగారక యాత్రకు వెళ్తే 876 కిలోలు అవుతుంది, మధ్యలో తెచ్చిచ్చే నౌక ఉండదు. అక్కడ ఈ లెక్క కుదరదు.

రెండో దారి ఒకే బట్టను ఎక్కువ రోజులు వాడటం. 2009లో జపాన్ వ్యోమగామి కోయిచి వకాటా వాసన పట్టని ప్రత్యేక లోదుస్తును దాదాపు నెల రోజులు మార్చకుండా వేసుకుని పరీక్షించారు. పక్కవాళ్ల నుంచి ఫిర్యాదు రాలేదట. వాసన మీద గెలిచినా ఉప్పు, నూనె గుడ్డలోనే ఉంటాయి. కొన్ని వారాలకు గుడ్డ బిరుసెక్కి ఒరుసుకోవడం మొదలవుతుంది. గడువు పెంచుకోవడానికి ఇది మంచిదే, సమస్యకు ముగింపు కాదు.

మూడోది ఉతకడం. కష్టమంతా నీళ్లు దొరకడంలో ఉందనుకుంటాం. అసలు కష్టం ఉతికిన నీళ్లను మళ్లీ తాగేనీళ్లుగా చేయడంలో ఉంది. నురగ శుద్ధి యంత్రానికి పడదు. సువాసన కోసం కలిపే పదార్థాలు గాలిలోకి ఎగిరి, అక్కణ్ణుంచి తేమతో పాటు నీళ్లలోకి చేరతాయి. 2010లో కేంద్రపు తాగునీటిలో కర్బన పదార్థం పాళ్లు పెరిగితే ఆరా తీయగా, అది సిలికాన్ జాతి పదార్థాల నుంచి వచ్చిందని తేలింది. సబ్బులు, తుడుచుకునే తడి కాగితాలు, చంకలకు రాసుకునే వాటిలో ఉండేవే అవి. ఈ చిక్కు తెలిసే నాసాతో ఒప్పందం చేసుకున్న టైడ్ సంస్థ పూర్తిగా విరిగిపోయే, వాసన లేని డిటర్జెంట్ తయారుచేసి, 2022లో మరక తీసే పెన్నులు, తుడుపులతో పాటు కేంద్రంలో పరీక్ష పెట్టింది.

ఎంపిక చెప్పమంటే: గగన్‌యాన్ లాంటి రెండు మూడు రోజుల యాత్రకు ఈ చర్చే అక్కర్లేదు, మూడు జతలు పెట్టుకుంటే సరి. ఆరు నెలలకు, సరుకు నౌక వస్తున్నంత కాలం, పారేయడమే చవక. మెషిన్ బరువు, కరెంటు, మరమ్మతు కలిపితే ఉతకడం గిట్టదు. ఏడాది దాటి, మధ్యలో సరఫరా లేకపోతే ఉతకక తప్పదు. ఒక సంగతి మాత్రం ఏ పద్ధతికైనా వర్తిస్తుంది. బట్టలు ముందే ఎంచుకుని సరుకు నౌకలో పంపిస్తారు, ఆ నౌక పేలిపోవచ్చు కూడా. 2014 అక్టోబరులో సిగ్నస్, 2015 జూన్‌లో డ్రాగన్ అలాగే పోయాయి. అదనపు జతలు కేంద్రంలో నిల్వ ఉండాలి.

ప్రయాణపు సూట్: నౌక ఏదైతే సూట్ అదే

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేసుకునే సూట్‌కు ఒకటే పని. క్యాబిన్‌లో గాలి పోతే ప్రాణం నిలపాలి. 1971 జూన్ 30న సోవియట్ నౌక సోయజ్ 11 తిరిగొస్తుండగా ఒక కవాటం తెరుచుకుని గాలి పోయింది. సూట్లు లేని ముగ్గురూ చనిపోయారు. ఆ తర్వాత వచ్చిందే సొకోల్, బరువు సుమారు 10 కిలోలు. 1984లో రాకేశ్ శర్మ సోయజ్‌లో వెళ్లినప్పుడు వేసుకున్నదీ సొకోలే.

సొకోల్ తొడగడం దగ్గరగా చూస్తే తెలిసే సంగతి ఒకటుంది. ముందువైపు 'వి' ఆకారంలో తెరుచుకుంటుంది. ముందు కాళ్లు, తర్వాత చేతులు, చివరికి తల. లోపల గాలి పట్టి ఉంచే రబ్బరు పొర మూతి సంచిలా బయటికి వేలాడుతూ ఉంటుంది. దాన్ని కుచ్చుగా పోగేసి, మడిచి, రబ్బరు బ్యాండ్లతో బిగించి కట్టి లోపలికి తోస్తారు. పైన జిప్పులు వేస్తారు. గాలి పోకుండా ఆపేది ఆ జిప్పు కాదు, ఆ ముడి. మడత సరిగా పడకపోతే లీకు పరీక్షలో తప్పుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. కూర్చున్న భంగిమకు కుట్టినది కాబట్టి నిలబడితే మనిషి ముందుకు వంగే ఉంటాడు. కేంద్రానికి చేరాక లోపల చెమటతో తడిసిన ఈ సూట్లకు గాలి గొట్టం పెట్టి ఆరబెడతారు. తడిగా మడిచి పెడితే తిరుగుప్రయాణానికి బూజు.

డ్రాగన్ సూట్ ఒకే ముక్క, ఎవరి కొలతకు వారిది. గాలి, మాట, కరెంటు అన్నీ తొడ దగ్గర ఒకే కనెక్షన్‌లో వస్తాయి. చేతి తొడుగులతోనే తెర మీద నొక్కొచ్చు. సొకోల్ కంటే సులువు, చూడముచ్చట. అయితే ఏది మంచిదన్న వాదనకు ఇక్కడ అర్థం లేదు. ఒక నౌక సూట్ ఇంకో నౌకలో తగిలించడానికి రాదు. 2024లో బోయింగ్ నౌక స్టార్‌లైనర్‌లో వెళ్లిన సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 2025 మార్చిలో డ్రాగన్‌లో దిగాల్సి వచ్చినప్పుడు, వెళ్లేటప్పటి నీలం సూట్లు పక్కన పెట్టి డ్రాగన్ సూట్లు తొడుక్కోవాల్సి వచ్చింది.

బయట నడిచే సూట్: అమెరికాదా, రష్యాదా?

ఇక్కడ పోలికకు సరుకు ఉంది. అమెరికా ఈఎంయూ, రష్యా ఓర్లాన్ రెండూ భూమి మీద 120 కిలోల చుట్టుపక్కల తూగుతాయి. ఈఎంయూ ముక్కలుగా వస్తుంది: గట్టి ఛాతీ భాగం, చేతులు, నడుము కింద, తొడుగులు, ఎవరి కొలతకు అవి ఎంచుకుని కలుపుతారు. ఒంటికి బాగా కుదురుతుంది, కానీ తొడగడానికి ముక్కాలు గంట, పక్కన సాయం కావాలి. కొలత ముక్క సిద్ధంగా లేకపోతే పని ఆగుతుంది. 2019 మార్చిలో ఇద్దరు మహిళలు కలిసి నడవాల్సిన రోజున మీడియం ఛాతీ భాగం ఒక్కటే సిద్ధంగా ఉండి ఆ జంట మారింది. ఓర్లాన్‌కు వెనక తలుపు ఉంటుంది, అందులోంచి దూరి ఒక్కరే కొద్ది నిమిషాల్లో మూసుకోవచ్చు. కొలత ఒకటే, పట్టీలతో పొడుగు సర్దుతారు.

పీడనంలోనూ తేడా. ఈఎంయూలో సుమారు 0.3 అట్మాస్ఫియర్, ఓర్లాన్‌లో 0.4 (సముద్రమట్టం దగ్గర మన గాలి పీడనం 1). తక్కువ పీడనమైతే వేళ్లు సులువుగా మడుస్తారు. అయితే మామూలు గాలి నుంచి అంత తక్కువకు దిగితే రక్తంలోని నైట్రోజన్ బుడగలు కడుతుంది కాబట్టి ముందు స్వచ్ఛమైన ఆక్సిజన్ ఎక్కువసేపు పీల్చాలి. సూట్‌లోనే కూర్చుని పీలిస్తే ఈఎంయూకు నాలుగు గంటలు, ఓర్లాన్‌కు అరగంట. ఓర్లాన్‌లో త్వరగా బయటపడతారు, చేతులు త్వరగా నొస్తాయి. ఈఎంయూ తొడుగుల్లో కూడా గోళ్లు ఊడిన సంఘటనలు ఉన్నాయి. గాలి నిండిన తొడుగులో ఆరు గంటలు పిడికిలి బిగించడం అలాంటి పని.

చిన్న పనులు చాలా ఉండి, వేళ్లతో నేర్పు కావాలంటే ఈఎంయూ. త్వరగా తొడగాలి, ఒక్కరే మూసుకోవాలి, రకరకాల ఒళ్లకు ఒకే సూట్ సరిపోవాలంటే ఓర్లాన్. వెనక తలుపు మేలని అమెరికా వైపు కూడా ఒప్పుకున్నట్టే ఉంది. చంద్రుడి కోసం అమెరికా సంస్థ ఆక్సియమ్ తయారుచేస్తున్న కొత్త సూట్‌కు వెనక తలుపే.

సూట్ లోపల చెమటే పెద్ద శత్రువు. శూన్యంలో వేడి బయటికి పోవడానికి గాలి లేదు, మనిషి తన వేడితోనే ఉడికిపోతాడు. అందుకని లోపల సాగే బనియన్ లాంటి దుస్తు వేస్తారు. ఈఎంయూలో దానికి సుమారు 91 మీటర్ల సన్న గొట్టాలు కుట్టి ఉంటాయి, వాటిలో చల్లటి నీరు తిరుగుతుంది. దాని కింద సుమారు 2 లీటర్లు పీల్చే డైపర్. ఈ నీరు దారి తప్పితే ఏమవుతుందో 2013 జూలై 16న తెలిసింది. ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో బయట ఉండగా చల్లదనపు వ్యవస్థలోంచి లీటరుకు పైగా నీరు హెల్మెట్‌లోకి వచ్చింది. నీరు కిందికి జారదు కదా. ముద్దలా ముఖానికి పట్టుకుని కళ్లు, ముక్కు కప్పేసింది. తాడు పట్టుకుని తడుముకుంటూ లోపలికి చేరారు. నీటిలోని మలినాలు పంపు, నీరు వేరుచేసే భాగాన్ని మూసేయడమే కారణం. అంతకు వారం ముందు నడకలోనే నీరు కనిపించింది, కానీ తాగే సంచి కారిందనుకుని వదిలేశారు. ఆ తర్వాత హెల్మెట్ వెనక నీరు పీల్చే మెత్త, సూట్ కింది భాగం నుంచి గాలి పీల్చుకునే గొట్టం అమర్చారు.

స్టాల్‌కు ఏది చేయాలి?

మా సలహా: థర్మాకోల్ హెల్మెట్ వదిలేసి ఈ రెండింట్లో ఒకటి చేయండి.

చవకైనది ఆరే పరీక్ష. నూలు, పాలిస్టర్, కంబళి, డెనిమ్ ఒక్కో ముక్క 20 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించండి. బంగారం కొట్టు తరహా 0.01 గ్రాముల తక్కెడ మీద తూచి 25తో గుణిస్తే చదరపు మీటరు బరువు వస్తుంది. ముందే రెండుసార్లు ఉతకాలి. కొత్త గుడ్డకు పట్టించిన పూత నీటిని దగ్గరికి రానివ్వకపోవచ్చు. లీటరు నీళ్లకు ఒక చెంచా ఉప్పు కలిపి ముంచి, పిండి, పది నిమిషాలు వేలాడదీసి తూచండి. ఒక జతను ఫ్యాన్ ముందు, ఇంకో జతను మూసిన అట్టపెట్టెలో ఉంచి పావుగంటకోసారి తూచండి. మే నెల మధ్యాహ్నం చేస్తే అన్నీ ఇట్టే ఆరిపోయి తేడా కనపడదు, రాత్రిపూట చేయండి. కొట్లో నూలు అని అమ్మింది కలగలుపు కావచ్చు. ఉపాధ్యాయుల ఎదుట ఒక్క పోగును పటకారుతో పట్టి, కింద నీళ్ల పళ్లెం పెట్టి అంటిస్తే తెలుస్తుంది: కాగితం వాసన, బూడిద అయితే నూలు; గట్టి నల్లపూస మిగిలితే అందులో పాలిస్టర్ ఉంది; వెంట్రుక కాలిన వాసన అయితే ఉన్ని.

రెండోది చల్లటి బనియన్. సరుకంతా డ్రిప్ పరికరాల కొట్లోనే దొరుకుతుంది: 4 ఎంఎం మైక్రో ట్యూబ్ 16 మీటర్లు, 16 ఎంఎం లేటరల్ పైపు ముక్కలు రెండు, కనెక్టర్లు 8, ఎండ్ క్యాప్‌లు 2. పంపు 12 వోల్టుల బ్యాటరీదే వాడండి. ఒంటికి నీళ్ల పైపులు చుట్టుకున్న పిల్లల పక్కన 230 వోల్టుల కూలర్ పంపు పెట్టకూడదు. ట్యూబును ఒకే పొడుగు చుట్టుగా కుడితే నీరు చివరికి రాదు. నాలుగు మీటర్ల చొప్పున నాలుగు చుట్లు చేసి, ఒక లేటరల్ ముక్క నుంచి నీరు పంచి, రెండో దానిలోకి కలపండి. బిగుతు టీషర్టుకు లోపలివైపు కుట్టాలి, చర్మానికి తగలని గొట్టం ఉన్నా లేనట్టే. నేల మీద పరిచి నీళ్లు నింపాకే తొడగండి, లేదంటే భుజాల దగ్గర గాలి చిక్కుకుని ఒకటి రెండు చుట్లు ఆగిపోతాయి.

ఐసు నీళ్లు వద్దు. మరీ చల్లగా ఉంటే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని ఒంట్లో వేడి బయటికే రాదు. 15 నుంచి 18 డిగ్రీలు చాలు. లోపలికి వెళ్లే నీళ్లకు, బయటికి వచ్చే నీళ్లకు తేడా కొలవండి. నిమిషానికి ఒక లీటరు తిరుగుతూ 2 డిగ్రీలు వేడెక్కితే 140 వాట్ల వేడి లాగుతున్నట్టు. ఊరికే కూర్చున్న మనిషి విడిచేది 100 వాట్ల దగ్గర, కాబట్టి లెక్క సరిపోతుందో లేదో స్టాల్‌కు వచ్చినవాళ్ల ముందే చూపొచ్చు. కొంత వేడి గది గాలి నుంచీ ఎక్కుతుందని మరవకండి. ప్రపంచ అంతరిక్ష వారోత్సవం జరిగే అక్టోబరు మొదటివారంలో మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, చల్లటి గొట్టాల మీద నీరు పట్టి టీషర్టు తడుస్తుంది. కారుతోందేమోనని కనెక్టర్లన్నీ ఊడదీయకముందే బకెట్‌లో కాస్త మిఠాయి రంగు కలపండి. మరకకు రంగుంటే లీకు, లేకుంటే గాలిలోని తేమ.